పెద్దవయసులో ముఖానికి దెబ్బ: ఆపరేషన్ వద్దనడానికి వయసు ఒక్కటే కారణమా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారి వయసు 76 సంవత్సరాలు. ఐదు రోజుల క్రితం రాత్రి బాత్‌రూమ్‌లో జారిపడినప్పుడు వాష్‌బేసిన్ అంచు ఎడమ చెంపకు బలంగా తగిలింది. సీటీ స్కాన్ చూసి, తలలో రక్తస్రావం లేదనీ, చెంప ఎముక మాత్రం విరిగి లోపలికి కుంగిందనీ చెప్పారు. నోరు రెండు వేళ్లు పట్టేంతకు మించి తెరుచుకోవడం లేదు. పై పెదవి తిమ్మిరిగా ఉందంటున్నారు. గుండెకు స్టెంట్ వేసినందున రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నారు. సర్జన్ ఆపరేషన్ చేయాలంటుంటే, బంధువులు ఈ వయసులో ముఖం మీద కోత ఎందుకు, ఎముక దానంతటదే అతుక్కుంటుంది అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఎముక దానంతటదే అతుక్కుంటుందన్న మాట నిజమే, కాని కుంగినది కుంగినట్లుగానే అతుక్కుంటుంది. చెంప ఎముక విరిగిన ప్రతివారికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఎముక చోటు తప్పకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటూ, చూపులో తేడా లేకుండా ఉంటే కొన్ని వారాలు మెత్తని ఆహారం పెట్టి కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. చెంప కాస్త పల్లంగా కనిపించడం ఒక్కటే ఇబ్బంది అయితే నిర్ణయాన్ని మీ నాన్నగారి ఇష్టానికే వదిలేయమని చెప్పేవాళ్లం. ఇక్కడ సంగతి వేరు. కుంగిన ఎముక కింది దవడ కదలికకు అడ్డుపడుతున్నట్లుంది. నోరు తెరవలేని పెద్దవారు తిండి తగ్గిస్తారు, తిండి తగ్గితే కండబలం తగ్గుతుంది, దానితో మళ్లీ పడే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల మీ సర్జన్ సలహానే సరైనదని మా అభిప్రాయం. పరీక్షలలో గుండె, ఊపిరితిత్తులు మత్తుకు తట్టుకుంటాయని తేలితే 76 ఏళ్ల వయసు దానంతట అది అడ్డు కాదు.

వాపు కొంత తగ్గాక, సాధారణంగా రెండు వారాల లోపు ఈ ఆపరేషన్ చేస్తారు. అంతకంటే ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కోవడం మొదలై, దానిని సరిచేయడం కష్టమవుతుంది. కోతలు చాలావరకు నోటి లోపలో, కనుబొమ్మ దగ్గరో, చెవి పైన జుట్టులోనో పెడతారు కాబట్టి మచ్చల గురించి అంతగా దిగులుపడనవసరం లేదు. అవసరమైతే చిన్న టైటానియం ప్లేట్లు బిగిస్తారు, వాటిని మళ్లీ తీయవలసిన అవసరం సాధారణంగా రాదు. కంటి కింది నరం నలగడం వల్ల వచ్చే పెదవి తిమ్మిరి చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది. స్టెంట్ కోసం ఇచ్చిన మందులను మాత్రం ఎవరి మాట మీదా మీరే ఆపకండి. వాటిని ఆపాలా, కొనసాగించాలా అన్నది సర్జన్, గుండె డాక్టర్ కలిసి తేల్చాలి. ఈలోగా ఆయన ముక్కు గట్టిగా చీదకూడదు, ఎందుకంటే విరిగిన చోటినుంచి గాలి కంటి చుట్టూ చేరవచ్చు.

మొదటి స్కాన్ బాగున్నంత మాత్రాన తల సంగతి ముగిసిందనుకోకూడదు. వయసుతో మెదడు కొంత కుంచించుకుపోవడం వల్ల, ముఖ్యంగా రక్తం పలుచబరిచే మందులు వాడేవారిలో, పుర్రె లోపల నెమ్మదిగా చేరే రక్తం రెండు మూడు వారాల తర్వాత కూడా బయటపడవచ్చు. తలనొప్పి పెరగడం, మగతగా ఉండడం, మాట తడబడడం, నడక తూలడం కనిపిస్తే వయసు వల్ల అనుకోకుండా వెంటనే మళ్లీ స్కాన్ చేయించండి. కన్ను నొప్పితో ఉబ్బి చూపు మసకబారితే 108కు ఫోన్ చేసి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. కంటి వెనుక రక్తం చేరితే గంటల్లోనే చూపు పోవచ్చు. మెడ నొప్పి ఉందేమో కూడా అడగండి. ముఖానికి గట్టి దెబ్బ తగిలిన పెద్దవారిలో మెడ ఎముక విరిగినా గుర్తించకపోయే అవకాశం ఉంది.

ఆయన నిజంగా జారిపడ్డారా, లేక కళ్లు తిరిగి పడ్డారా? రాత్రి లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, చక్కెర తగ్గడం, గుండె లయ తప్పడం, కంటి శుక్లం, వీటిలో ఏది కారణమో తేలకపోతే చెంప బాగుపడ్డాక కూడా ఆయన మళ్లీ పడవచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే మీకు దగ్గరలోనే, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో ముఖ, దవడ శస్త్రచికిత్స విభాగం ఉంది.

ప్రశ్న: మా అమ్మగారికి 82 ఏళ్లు, పళ్లు ఒక్కటీ లేవు. పడినప్పుడు కింది దవడ విరిగింది. కట్టు కట్టి ఉంచితే నయం కాదా?
— ఒక పాఠకుడు, బోలారం

జవాబు: ఎముక చోటు తప్పకపోతే మెత్తని ఆహారంతో వేచి చూడవచ్చు, చోటు తప్పితే బయటి కట్టు దానిని నిలబెట్టలేదు. పళ్లు పోయిన కొన్నేళ్లకు దవడ అరిగి సన్నబడుతుంది, రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. పట్టుకు పళ్లు లేవు కనుక సాధారణంగా మందమైన ప్లేటు వేయవలసి వస్తుంది. అది వీలుకాని వారికి కట్టుడు పళ్ల సెట్టునే ఆధారంగా చేసుకుని దవడను నిలిపే పద్ధతి ఒకటుంది కాబట్టి, ఆ సెట్టు పగిలినా పారేయకుండా ముక్కలతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.