సగం పట్టి ఆపేస్తే సంఖ్య తగ్గదు: వీధి పిల్లులపై మీ ప్రశ్నలు

వీధి పిల్లులను బోనుతో పట్టి, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి, మళ్ళీ పట్టిన చోటే వదిలే పనిలో ఉన్నవాళ్ళూ, మొదలుపెట్టాలనుకుంటున్నవాళ్ళూ రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మా కాలనీ చివర పదిహేను పిల్లులుండేవి. పోయినేడు ఆరింటికి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు లెక్కపెడితే పదహారున్నాయి. పడ్డ శ్రమంతా వృథాయేనా?

ఆ ఆరూ మళ్ళీ ఈనవు కాబట్టి పూర్తిగా వృథా కాదు. కానీ సంఖ్య తగ్గకపోవడంలో వింతేమీ లేదు. ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. కడుపుతో ఉండేది 63 నుంచి 65 రోజులు. సాధారణంగా గండుపిల్లితో కలిశాకే దానికి అండం విడుదలవుతుంది, అందుకే కలయిక వట్టిపోవడం తక్కువ. పైగా ఒక ఈత పిల్లలకు పాలిస్తుండగానే మళ్ళీ ఎదకు రాగలదు. ఆపరేషన్ కాని రెండు మూడు ఆడ పిల్లులు మిగిలితే చాలు, మీరు తగ్గించిన లోటును ఏడాదిలో పూడ్చేస్తాయి.

ఎంత శాతానికి చేస్తే గుంపు తగ్గుముఖం పడుతుందని 2005లో అమెరికా పరిశోధకులు రెండు ప్రాంతాల వివరాలతో లెక్కకట్టారు. వచ్చిన జవాబు 71 నుంచి 94 శాతం. అంటే మీ పదిహేనింటిలో కనీసం 11, వీలైతే 14. మీరు చేయించింది 40 శాతం. నాలుగు వీధుల్లో తలా ఆరు పిల్లులకు చేయించడం కన్నా ఒక్క వీధిలో అన్నిటికీ చేయించి రెండో వీధికి కదలడం మేలు. అదీ నెలల తరబడి సాగదీయకుండా రెండు మూడు వారాల్లో ముగించాలి.

దానికి ముందు లెక్క కావాలి. ఒక వారం పాటు రోజూ ఒకే వేళకు తిండి పెట్టి, వచ్చిన ప్రతి పిల్లికీ రెండు పక్కల నుంచీ ఫొటో తీయండి. నోట్‌బుక్‌లో రంగు, తోక, చెవులు, మగదా ఆడదా, పాలిచ్చేదా అని రాసుకోండి. ఒంటినిండా నల్లగా ఉండేవాటితోనే తికమక. రెండు నల్ల పిల్లులను ఒకటనుకోవడం అందరూ చేసే పొరపాటు. నలుపు, నారింజ కలిసిన మచ్చల పిల్లి, తెలుపు ఉన్నా లేకున్నా, దాదాపు ఎప్పుడూ ఆడదే. ఒంటినిండా నారింజ రంగుదైతే చాలామటుకు మగది. ఆపరేషన్ తేదీలు కొన్నే దొరికితే ఆడవాటిని ముందు పట్టండి. ఒక్క గండుపిల్లి మిగిలినా అన్ని ఆడ పిల్లులకూ సరిపోతుంది కాబట్టి, మగవాటికి మాత్రమే చేయించి ఊరుకోవడం వల్ల ఫలితం ఉండదు.

ప్రశ్న: ఇంత కష్టం దేనికి? పట్టుకెళ్ళి దూరంగా వదిలేస్తే పోదా?

పోదు. పిల్లులను అక్కడ ఉంచుతున్నవి చెత్త, ఎలుకలు, ఎవరో పెట్టే తిండి. అవి ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటుకు ఇరుగుపొరుగు పిల్లులు చేరతాయి, ఆపరేషన్ కానివి. దూరంగా వదిలినవేమో తెలియని చోట నిలవలేక, తిరిగి వచ్చే ప్రయత్నంలో దారి తప్పుతాయి, బండ్ల కింద పడతాయి. భవనం కూల్చేస్తున్నారు లాంటి తప్పనిసరి పరిస్థితి వస్తేనే మార్చాలి. అప్పుడు కూడా కొత్త చోట పెద్ద పంజరంలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంచి, అక్కడి వాసనలకు, తిండి వేళకు అలవాటుపడ్డాక తలుపు తీయాలి.

ప్రశ్న: మూడు రాత్రులు బోను పెట్టాం. చుట్టూ తిరుగుతాయి, వాసన చూస్తాయి, లోపలికి మాత్రం రావు. ఏం తప్పు చేస్తున్నాం?

ఎక్కువసార్లు తప్పు బోనులో ఉండదు, పిల్లి కడుపులో ఉంటుంది. ఆకలి లేని పిల్లి బోనెక్కదు. ముందు రోజు నుంచి, అంటే 24 గంటల పాటు, పెద్ద పిల్లులకు తిండి ఆపాలి (నీళ్ళు ఆపకూడదు). మీరు ఆపినా జాలిపడి ఇంకెవరో గిన్నెడు పెట్టేస్తారు. కాబట్టి ఆ వీధిలో తిండి పెట్టే వాళ్ళందరితో ముందే మాట్లాడుకోండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల పాడైన రాత్రులు మిగతా కారణాలన్నీ కలిపినా అన్ని ఉండవు.

ఉన్నట్టుండి బోను పెట్టినా అనుమానిస్తాయి. వారం ముందే తెచ్చి, తలుపు పడిపోకుండా తాడుతో పైకి కట్టేసి, రోజూ తిండి దాని గుమ్మం దగ్గరే పెట్టండి. రోజుకో జానెడు లోపలికి జరపండి. వారానికి అది వాటికి భోజనాల గది అవుతుంది.

బోను సుమారు 75 నుంచి 90 సెంటీమీటర్ల పొడవుండాలి. పొట్టిదైతే తలుపు తోక మీద పడుతుంది, లేదా పిల్లి వెనక్కి దూకి తప్పించుకుంటుంది. పాదాల కింద తీగలు తగిలితే పిల్లులకు నచ్చదు కనుక అడుగున మడిచిన వార్తాపత్రిక పరవండి. అయితే ఆ కాగితం తొక్కుడు పలక (పిల్లి కాలేయగానే తలుపును పడేసేది) కిందికి జొరబడితే పలక కదలక తలుపు పడదు. పరిచాక చేత్తో పలకను నొక్కి చూసి తీరాలి. బోను అటూ ఇటూ ఊగని చదును నేల మీద, గోడ వారగా పెట్టండి.

ఎరకు ఘాటైన వాసన కావాలి. నూనెలో నిల్వచేసిన చేప బాగా పనిచేస్తుంది. పలకకు అవతల, బోను చిట్టచివర ఒక పెద్ద చెంచాడు, గుమ్మం దగ్గర, మధ్యలో నాలుగు చుక్కల నూనె. అంతకు మించి పెడితే గుమ్మం దగ్గరే కడుపు నింపుకుని వెళ్ళిపోతుంది. గాజు గిన్నెలు, రేకు డబ్బాలు వద్దు. కంగారులో మూతి, కాళ్ళు కోసుకుంటుంది.

కొన్ని గడుసు పిల్లులు పలకను దాటి అడుగేసి, ఎర తిని, అలాగే వెనక్కి నడిచి వచ్చేస్తాయి. పలకకు ముందు అడ్డంగా ఒక సన్నపుల్ల పెడితే దాన్ని దాటబోయి పలక మీదే కాలేస్తాయి. కూనల బరువుకు పలక దిగకపోవచ్చు. తలుపును నీళ్ళ సీసాతో నిలబెట్టి, సీసాకు దారం కట్టి, దూరం నుంచి లాగాలి.

ఒకసారి పడి తప్పించుకున్న పిల్లి ఇక పొడుగు బోను ముఖం చూడదు. దానికి పైనుంచి పడే బోను కావాలి: సుమారు మీటరు చదరపు చట్రానికి వల బిగించి, ఒక అంచును కర్రతో ఎత్తి నిలబెట్టి, కర్రకు పొడవాటి తాడు కడతారు. పిల్లి పూర్తిగా లోపలికి వచ్చి, తల దించుకుని తింటున్నప్పుడే లాగాలి. తొందరపడితే అంచు దాని వీపు మీద పడుతుంది. పడగానే దుప్పటి కప్పి, పక్క తలుపు నుంచి మామూలు బోనులోకి మళ్ళించాలి. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు.

బోను పెట్టి ఇంటికెళ్ళి పడుకోకండి. ఎండ, కుక్కలు, ఆకతాయిలు, దేనికీ హామీ లేదు. దూరంగా కూర్చుని కనిపెట్టండి. తలుపు పడగానే గడియ సరిచూసి, బోనంతా మందపాటి గుడ్డతో కప్పండి. అంతదాకా తీగలకేసి మూతి కొట్టుకున్న పిల్లి చీకటి పడగానే చాలావరకు సద్దుమణుగుతుంది. బోనుకు ఒక్క పిల్లే. పొరపాటున రెండు పడితే వీధిలో విడదీయబోకండి, ఆసుపత్రిలో మత్తు ఇచ్చాక చూసుకోవచ్చు.

ప్రశ్న: పాలిచ్చే తల్లి బోనులో పడితే వదిలేయాలా?

పిల్లలెక్కడున్నాయో తెలియకపోతే, చన్నులు ఉబ్బి గులాబి రంగులో ఉండి, వాటి చుట్టూ వెంట్రుకలు రాలి వలయంలా కనిపిస్తే, వదిలేయడమే మంచిది. రోజుల కూనలకు ఒక రాత్రి తల్లి లేకపోవడం ప్రాణాంతకం. కూనలకు ఐదారు వారాలు వచ్చి సొంతంగా తింటున్నాయంటే తల్లిని పట్టవచ్చు. ఆపరేషన్ వల్ల పాలు ఆగిపోవు. అదే రోజు, ఆలస్యమైతే మర్నాటికల్లా తిరిగి వదిలేలా డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. ఉబ్బిన పాల గ్రంథులను కోయకుండా ఉండేందుకు కొందరు డాక్టర్లు పొట్ట మధ్యలో కాక డొక్క పక్కన కోత పెడతారు.

కూనలు కనిపించాయి కదా రేపు చూద్దామనుకోకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందన్నది ఉత్తమాట కాదు. మనిషి తచ్చాడినట్టు అనిపిస్తే రాత్రికి రాత్రే చోటు మారుస్తుంది. ఎనిమిది వారాల లోపు కూనలు మనుషులకు తేలిగ్గా మాలిమి అవుతాయి, పెంచుకునేవాళ్ళకు ఇవ్వవచ్చు. మూడు నెలలు దాటితే అది చాలా కష్టం. ఎనిమిది వారాల వయసు, దాదాపు కిలో బరువు వస్తే చేయి తిరిగిన డాక్టరు ఆపరేషన్ చేయగలరు. అయితే కూనలను పెద్దవాటిలా రాత్రంతా పస్తు ఉంచకూడదు. రెండు నుంచి నాలుగు గంటలు చాలు. మించితే రక్తంలో చక్కెర పడిపోతుంది.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్ళు ఉంచుకోవాలి? మందులు, కట్లు ఎలా?

కట్టు కట్టడం, మాత్ర మింగించడం వీధి పిల్లితో కాని పని. అందుకే అన్నీ మత్తులో ఉండగానే ముగించాలి: చర్మం లోపల కరిగిపోయే కుట్లు, ఒక్క మోతాదు నొప్పి ఇంజెక్షన్, రేబీస్ టీకా, పురుగుల మందు, ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొన కత్తిరింపు. కెటమిన్ లాంటి మత్తులో కళ్ళు తెరుచుకునే ఉంటాయి, ఎండిపోకుండా కంటిలో జెల్ వేశారో లేదో అడగండి.

తర్వాత బోనులోనే, గాలి కొట్టని వెచ్చని గదిలో, కప్పి ఉంచాలి. మత్తులో ఉన్న ఒంట్లో వేడి త్వరగా పడిపోతుంది. మొదటి గంటల్లో పదిహేను నిమిషాలకోసారి గుడ్డ అంచు ఎత్తి ఊపిరి చూడండి. ముఖం మూలకు నొక్కుకుపోయి ఉంటే బోనును మెల్లగా వంచి సరిచేయండి. తలుపు తీయడం ఎప్పుడూ వద్దు. నిద్రపోతున్నట్టే ఉండి చటుక్కున దూకేస్తాయి. కూనలు తలెత్తి నిలబడగలిగితే వెంటనే కాస్త తిండి. పెద్దవి పూర్తిగా తేరుకున్నాకే.

మగవాటిని మర్నాడు, ఆడవాటిని ఒకటి రెండు రోజులకు వదలవచ్చు. కుట్టు దగ్గర రక్తం ఆగకుండా కారడం, గాయం విచ్చుకోవడం, ఒక రోజు గడిచినా తిండి ముట్టకపోవడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, వీటిలో ఏది కనిపించినా వదలకుండా డాక్టరుకు చూపించాలి. వదిలేటప్పుడు పట్టిన చోటే, తలుపు రోడ్డుకు ఎదురుగా లేకుండా చూసుకోండి.

ఇక రెండు ప్రమాదాలు. నొప్పిగా ఉందేమోనని పారాసిటమాల్ ఇస్తారు; బోను కడగడానికి ఫినాయిల్ వాడతారు. రెండూ పిల్లికి విషమే, కారణమూ ఒకటే: ఆ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. బోనుకు ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకు 32 వంతుల నీళ్ళు కలిపి, ముందు మురికి కడిగేసి, పది నిమిషాలు తడిగా ఉంచి, శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. పిల్లుల ప్రాణం తీసే పార్వో వైరస్ సబ్బునీళ్ళకు చావదు, బ్లీచ్‌కు చస్తుంది.

ప్రశ్న: తిండిలో గర్భనిరోధక మాత్రలు కలిపేస్తే ఈ పరుగులన్నీ తప్పుతాయి కదా?

పది పిల్లులు తినే గిన్నెలో ఏది ఎంత తిన్నదో ఎవరు చెప్పగలరు? తక్కువైతే పనిచేయదు. ఎక్కువైనా, ఎక్కువకాలం వాడినా గర్భసంచిలో చీము, పాల గ్రంథుల్లో గడ్డలు వస్తాయి. అప్పటికే కడుపుతో ఉన్నదాని సంగతి ఇక చెప్పనక్కర్లేదు. వద్దు.

ప్రశ్న: చెవి కోయడం క్రూరం కాదా? మెడకు పట్టీ కడితే సరిపోదా?

మత్తులోనే కోస్తారు, పెద్ద పిల్లికి సెంటీమీటరు, కూనకు దాదాపు అర. పట్టీ కొమ్మకు చిక్కుకుని ఉరి పడుతుంది, లేదా ఊడిపోతుంది. కొన తిన్నగా తెగిన చెవి దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి అదే పిల్లిని మళ్ళీ పట్టి, మళ్ళీ పొట్ట కోసే ఘోరం తప్పుతుంది. అలాంటిది బోనులో పడితే అక్కడే వదిలేయండి. దెబ్బలాటల్లో చిరిగిన చెవి మాత్రం వంకరగా, నొక్కులుగా ఉంటుంది. దాన్ని చూసి మోసపోవద్దు.

ప్రశ్న: కరిస్తే?

కారుతున్న నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకా సంగతి చూసుకోండి. పిల్లి కోర సన్నగా, లోతుగా దిగుతుంది; పైన చుక్కంత గాయం, లోపల చీము. తరచూ ఈ పని చేసేవాళ్ళు ముందస్తు రేబీస్ టీకాలు వేయించుకోవాలి.

ప్రశ్న: చేసినవి చేస్తున్నా కొత్తవి వస్తూనే ఉన్నాయి. ఎక్కడైనా నిజంగా తగ్గాయా?

తగ్గాయి. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆవరణలో 1996లో 68 పిల్లులుండగా 2002కు 23 మిగిలాయి. కానీ అక్కడ కార్యక్రమం నడిచిన కాలమంతా కలిపి దాదాపు సగం పిల్లులను ఇళ్ళకు పెంపకానికి ఇచ్చారు. ఆ తగ్గుదలంతా కత్తి పుణ్యం కాదు. రోమ్ నగరంలో 1991 నుంచి పదేళ్ళలో దాదాపు ఎనిమిది వేల పిల్లులకు చేశారు. గుంపులు మొత్తం మీద తగ్గాయి గానీ, వదిలేసినవీ వాటంతటవి వచ్చినవీ కలిపి కొత్తవి 21 శాతం దాకా చేరుతూ వచ్చాయి. పెంపుడు పిల్లులకు ఆపరేషన్ చేయించకుండా వీధిలో వదిలేవాళ్ళున్నంతకాలం తిండి వేళకు వచ్చే కొత్త ముఖాన్ని గుర్తుపట్టి వెంటనే పట్టే మనిషి ఒకరు ఉండాల్సిందే.

ఒక మినహాయింపు. నేల మీద గూడు పెట్టే అరుదైన పక్షులున్న దీవుల్లాంటి చోట్ల ఈ పద్ధతి సరికాదు. ఆపరేషన్ అయిన పిల్లీ వేటాడుతుంది, అది చనిపోయేదాకా ఆ పక్షులు ఆగలేవు.

ప్రశ్న: ఆపరేషన్ చేయించి రెండు వారాలైనా గండుపిల్లి ఇంకా ఆడవాటి వెంట పడుతోంది. ఆపరేషన్ సరిగా జరగలేదా?

జరిగే ఉంటుంది. ఒంట్లో మిగిలిన హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల తొలి వారాల్లో చూలు కట్టించే అవకాశం కూడా కొంత ఉంది. అందుకే అదే గుంపులోని ఆడవాటినీ అదే వారంలో పట్టమనేది.