‘లూజ్ కంట్రోల్’కు బదులు వాడుక మాటను వెతకడం ఎలా?

ప్రశ్న: నేను ఇంగ్లీషులో కథలు రాస్తున్నాను. పాత్ర అదుపు తప్పిన ప్రతిసారీ ‘లూజ్ కంట్రోల్’ అనే రాయవలసి వస్తోంది. థెసారస్ (పర్యాయపదాల నిఘంటువు) చూస్తే పుస్తకభాషే కనిపిస్తోంది. స్నేహితులు మాట్లాడుకునేటప్పుడు దొర్లే మాటలను వెతికిపెట్టే సాధనాలు ఉన్నాయా?

జవాబు: సాధనాలకు కొదవ లేదు, చిక్కంతా వాటిని అడిగే తీరులోనే ఉంది. ‘లూజ్ కంట్రోల్’ అని మాత్రమే టైపు చేస్తే, అదుపు తప్పినది కోపమో, భయమో, కారు స్టీరింగో యంత్రానికి తెలియదు. తెలుగులోనూ శివాలెత్తడం వేరు, బెంబేలెత్తడం వేరు, బండి పట్టు తప్పడం వేరు కదా.

అందువల్ల ఇంటర్నెట్‌లో దొరికే వన్‌లుక్ థెసారస్ తెరిచి, మాటకు బదులు అర్థాన్నే టైపు చేయండి: ‘సడన్లీ బికమ్ వెరీ యాంగ్రీ’ అని ఒకసారి, ‘పానిక్ అండ్ స్టాప్ థింకింగ్ క్లియర్లీ’ అని మరొకసారి. అర్థం నుంచి మాటకు వెళ్లే ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1852లో పీటర్ మార్క్ రోజెట్ ప్రచురించిన థెసారస్ అకారాది క్రమంలో కాక భావాల వరుసలో కూర్చినదే. పదబంధంలో ఒక్క మాటే గుర్తున్నప్పుడు, ఉదాహరణకు ‘హ్యాండిల్’ మాత్రమే జ్ఞాపకం వస్తున్నప్పుడు, దానికి ముందూ వెనకా రెండేసి నక్షత్రపు గుర్తులు పెట్టి వెతికితే ఆ మాట ఉన్న పదబంధాలు వస్తాయి. వాటిలో ‘ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్’ కోసం చూడండి. గొడ్డలి విసురుగా ఎత్తినప్పుడు పిడి నుంచి ఊడి ఎగిరిపోయే గొడ్డలి తలే ఈ నుడికారంలోని బొమ్మ కాబట్టి, చిన్న మాటకే భగ్గుమనే మనిషికి ఇది చక్కగా అతుకుతుంది.

దొరికిన ప్రతిమాటనూ కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ నిఘంటువులో సరిచూడకుండా వాడవద్దని నా సలహా. అక్కడ అర్థానికి ముందు ‘ఇన్‌ఫార్మల్’ అనే ముద్ర ఉంటే అది మీకు కావలసిన మాటే. ‘లూజ్ ఇట్’ అన్నది కోపంతో అరవడానికే కాదు, ఏడుపునో నవ్వునో ఆపుకోలేకపోవడానికీ చెల్లుతుంది. సందర్భం స్పష్టంగా లేకపోతే ఏదో వస్తువు పోగొట్టుకున్నట్టూ ధ్వనిస్తుంది. ‘ఫ్రీక్ అవుట్’లో కంగారు పాలు ఎక్కువ. ‘గో బాలిస్టిక్’ అంటే పట్టరాని ఆగ్రహం. ‘గో హేవైర్’ను ఎక్కువగా యంత్రాలకూ ప్రణాళికలకూ వాడతారు, ఎండుగడ్డి మోపులు కట్టే తీగ నుంచి పుట్టిన మాట అది. మీ కథలో ప్రింటర్ తిక్కతిక్కగా కాగితాలు కక్కుతుంటే నిస్సంకోచంగా రాయండి, అలిగిన అత్తగారికి మాత్రం వద్దు.

మాట నిజంగా నలుగురి నోళ్లలో నానుతున్నదా అన్న అనుమానం మిగిలితే, కోకా అనే అమెరికన్ ఇంగ్లీషు కార్పస్‌ను (నిజ వాడుకలోని పాఠాలను పోగుచేసిన భాండారాన్ని) ఆశ్రయించండి. 1990 నుంచి 2019 వరకు వచ్చిన వంద కోట్లకు పైగా పదాల పాఠం అందులో ఉంది. చార్ట్ పద్ధతిలో వెతికితే సంభాషణలు, టీవీ-సినిమాలు, పత్రికలు, విద్యావిషయక రచనలు వంటి విభాగాల్లో ఆ పదబంధం ఎంత తరచుగా వచ్చిందో కమ్మీల రూపంలో చూపుతుంది. టీవీ-సినిమాల కమ్మీ పొడుగ్గా, విద్యావిషయక రచనల కమ్మీ పొట్టిగా ఉంటే అది వాడుక మాటే. ఖాతా తెరవాలి, ఉచిత ఖాతాకు వెతుకులాటల పరిమితి ఉంటుంది. అయినా ఆ శ్రమకు తగిన ఫలం దక్కుతుంది.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, ఏఐ చాట్‌బాట్‌నే అడిగితే సరిపోదా?

జవాబు: అడగవచ్చు, పాత్ర వయసూ సన్నివేశమూ చెప్పి అడిగితే మరీ మంచిది. కాకపోతే అది తాతల కాలపు మాటనూ నిన్నమొన్నటి మాటనూ ఒకే గాటన కట్టి, రెండింటినీ ఒకే ధీమాతో అందిస్తుంది. జాబితా దాని చేత రాయించుకుని, ఏరుకోవడానికి పైన చెప్పిన నిఘంటువునూ కార్పస్‌నూ వాడండి.