సర్వోలు కదలగానే ఆర్డ్యునో రీసెట్ అవుతోందా?

ఒక సర్వోతో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్) బాగానే ఉండి, రెండోది పెట్టగానే ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) రీసెట్ అవుతోందన్నారు. కోడ్‌ని అనుమానించకండి, తేడా కరెంటులో ఉంది. ఎస్‌జీ90 రకం చిన్న సర్వో కదలడం మొదలుపెట్టే క్షణంలో అర యాంపియర్ దాకా లాగేస్తుంది. యూఎస్‌బీ నుంచి వచ్చేదే 500 మిల్లీయాంపియర్లు. రెండూ కలిసి లాగితే వోల్టేజీ పడిపోయి చిప్ మళ్లీ మొదటికొస్తుంది.

సర్వోల ఎర్ర తీగల్ని బోర్డు నుంచి తీసేసి విడిగా 5 వోల్టుల, 2 యాంపియర్ల అడాప్టర్ పాజిటివ్‌కి కలపండి. గోధుమరంగు తీగలు దాని నెగటివ్‌కి, అక్కణ్నుంచి ఇంకో తీగ ఆర్డ్యునో గ్రౌండ్‌కి. చాలామంది మర్చిపోయేది ఈ చివరి తీగనే. అది లేకపోతే సర్వోలు పిచ్చిపట్టినట్టు వణుకుతాయి. వాటి దగ్గరే 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి, చార ఉన్న వైపు కాలు నెగటివ్‌కి, రెండోది పాజిటివ్‌కి. తిరగేస్తే పేలొచ్చు. చదరపు 9 వోల్టుల బ్యాటరీ జోలికి మాత్రం పోకండి, అది ఇంత కరెంటు ఇవ్వలేదు.