సులోచనా గాడ్గిల్ గారి పరిశోధన మన అనంతపురం రైతుకు ఏమైనా పనికొచ్చిందా?

"2025 జులైలో 81 ఏళ్ల వయసులో పోయారట, రుతుపవనాల మీద చాలా పెద్ద శాస్త్రవేత్త అంటున్నారు, మనలాంటోళ్లకు ఏం చేశారు?" అని అడిగారు కదా. ఆమెను నేనెప్పుడూ కలవలేదు. కానీ మాది కళ్యాణదుర్గం వైపు పల్లె, ఇంట్లో ఇప్పటికీ ఏడెకరాల్లో శనక్కాయ వేస్తాం, కాబట్టి ఈ ప్రశ్న నాకు కాస్త దగ్గరిదే.

ఆమె బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. తోటివాళ్లతో కలిసి మన అనంతపురం, పావగడ ప్రాంతపు వర్షాధార శనక్కాయ మీద పరిశోధన చేశారు (పావగడ పేరుకే కర్ణాటక, చుట్టూ మూడు పక్కలా మనమే). ఏళ్ల తరబడి వాన లెక్కలు తీసుకుని, కంప్యూటర్‌లో పంటను "పండించి", ఏ తేదీకి విత్తితే ఎన్నేళ్లు పంట పోతుందో చూశారు. తొలి పదునుకే (విత్తడానికి సరిపడా నేల తడవగానే) జూన్ ఆఖర్లో విత్తేదానికన్నా జులై సగం దాటాక విత్తితే నష్టపోయే ప్రమాదం తక్కువని తేలింది. ఎందుకంటే ముందు విత్తిన చేనుకు ఊడలు దిగి కాయ ఊరే సమయానికి ఆగస్టులో వాన మొహం చాటేస్తుంది, ఆలస్యంగా విత్తినదానికి ఆ దశ సెప్టెంబరులో పడుతుంది, మనకు ఎక్కువ వాన పడే నెల అదే.

మరి మన పెద్దోళ్లకు ఇది తెలీదా అంటే, కార్తెల లెక్కలన్నీ తరాల తరబడి కొర్ర, జొన్న పండించి నేర్చుకున్నవి. శనక్కాయ జిల్లా అంతా పరుచుకున్నది మొన్నమొన్నే, ఆ అనుభవం ఇంకా కూడలేదు. నాకైతే ఈ మాటే అన్నింటికన్నా నచ్చింది, రైతుకు తెలివిలేదని తేల్చేసే రకం పరిశోధన కాదిది.

ఒక ఏడాది మేం ఆరుద్రలో, అంటే జూన్ ఆఖరి కార్తెలో విత్తాం. పూత బ్రహ్మాండంగా వచ్చింది, తర్వాత నెలకు పైగా చుక్క లేదు, చివరికి పశువుల మేతకు తప్ప దేనికీ పనికిరాలేదు. పక్క చేను చిన్నాయనకు ట్రాక్టర్ దొరక్క పుష్యమిలో, అంటే జులై ఆఖరి కార్తెలో విత్తాడు, ఆయనకు కాయలొచ్చాయి. నాన్న అది అదృష్టం అన్నాడు. డిగ్రీలో ఈ పరిశోధన సంగతి చదివి చెప్తే, "ఈ పదును వదిలేస్తే మళ్లీ పదునైతాదని ఆయమ్మ రాసిస్తాదా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. లెక్క ఏళ్ల తరబడిది, అప్పు మాత్రం ఈ ఏడాదిది. చివరికి రాజీ పడి మూడెకరాలు తొలి పదునుకు, నాలుగెకరాలు పుష్యమికి వేస్తున్నాం. ప్రతిసారీ గెలిచామని చెప్పను, ఏడెకరాలూ ఒకేసారి పోవడం మాత్రం తగ్గింది.

ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం వేరే పనితో. నేల వేడెక్కితే సముద్రం నుంచి గాలి వస్తుంది, అదే రుతుపవనం అని స్కూల్లో చదువుకున్నాం కదా, అదే నిజమైతే ఎండలు మండిపోయిన ఏడాది వానలు దంచికొట్టాలి, మన ఊళ్లలో ఎవరినడిగినా నవ్వుతారు. నిజానికి వాన సరిగ్గా పడని ఏడాదే నేల ఎక్కువ వేడిగా ఉంటుంది. 1980లో ఆమె, డి.ఆర్. సిక్కా అనే వాతావరణ శాస్త్రవేత్త కలిసి ఉపగ్రహ చిత్రాలు చూసి, భూమధ్యరేఖ దగ్గరి మేఘాల పట్టీయే విడతలు విడతలుగా ఉత్తరానికి జరిగి మన మీదికి వస్తుందని చూపించారు. వాన మధ్యలో ఆగిపోవడం, మళ్లీ అందుకోవడం అర్థం కావాలంటే ఆ పట్టీ కదలిక తెలియాలి.

ఆమె పోయారని ఫోన్లో చూసినప్పుడు పుష్యమి కార్తె నడుస్తోంది. నాలుగెకరాలు ఇంకా విత్తలేదు, మబ్బు చూస్తూ కూర్చున్నాం. నాన్నకు చెప్తే, "ఎవరు, ఆ తేదీలు చెప్పినామెనా?" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత విత్తనం మూటలు లోపల పెట్టమన్నాడు.