రెండు రోజుల్లో 60 గ్రాములు తగ్గిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 24 ఏళ్లు. తొలి కాన్పు. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. 32 వారాలకు తీసిన స్కానింగ్‌లో బిడ్డ బరువు 1,600 గ్రాములు, 8వ పర్సెంటైల్, ఎదుగుదల తక్కువ అని రాశారు. భయపడి రెండు రోజులకే వేరే సెంటర్‌కు వెళితే 1,540 గ్రాములు వచ్చింది. బొడ్డుతాడు డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కానింగ్) మాత్రం రెండుచోట్లా బాగుందన్నారు. బిడ్డ కడుపులోనే చిక్కిపోతోందా? నేను సరిగ్గా తినడం లేదని అత్తగారు రోజూ బాధపడుతున్నారు.
– ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: అమ్మా, బిడ్డ చిక్కిపోలేదు. ముందు ఆ భయం వదలండి. స్కానింగ్ యంత్రం తక్కెడ కాదు. తల, పొట్ట చుట్టుకొలతలు, తొడ ఎముక పొడవు మేం కొలుస్తాం, వాటినిబట్టి కంప్యూటర్ బరువు అంచనా వేస్తుంది. ఈ ముప్పుతిప్పలన్నీ పొట్ట కొలత దగ్గరే. తెరమీద పొట్ట గుండ్రంగా, లోపల జీర్ణాశయం నల్లని బుడగలా కనిపించాలి. దాని చుట్టూ చుక్కల గీత గీస్తాం. సరిగ్గా అప్పుడే బిడ్డ వెన్ను తిప్పితే ఆ గుండ్రం కోలగా సాగుతుంది. గీత కొన్ని మిల్లీమీటర్లు లోపలికి జరిగినా పదుల గ్రాములు తగ్గిపోతాయి. ఎంత అనుభవం ఉన్నవారు తీసినా అంచనా 10–15 శాతం అటూ ఇటూ అవుతుంది. మీ బిడ్డ విషయంలో అది 160 గ్రాముల పైమాటే. అందుకే ఎదుగుదల తేల్చడానికి కనీసం రెండు వారాల ఎడం కావాలి, వీలైతే అదే సెంటర్‌లో.

8వ పర్సెంటైల్ అంటే, అదే వయసున్న 100 మంది గర్భస్థ శిశువులను బరువు వరసలో పెడితే మీ బిడ్డ కిందినుంచి ఎనిమిదో స్థానంలో ఉంది. 10కి లోపుంటే మేం కన్నేసి ఉంచుతాం. మీరు పొట్టి కాబట్టి బిడ్డ సహజంగానే చిన్నదై ఉండవచ్చు. మాయ నుంచి రక్తం సరిపడా అందకపోయి ఉండవచ్చు కూడా. డాప్లర్ చూసేది అందుకే. బొడ్డుతాడు ధమనిలో రక్తప్రవాహం తెరమీద కొండల వరసలా కనిపిస్తుంది. రెండు కొండల నడుమ లోయ అడుగుగీతను తాకకూడదు. తాకితే బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, 34 వారాల దగ్గరే కాన్పు చేయాల్సి రావచ్చు. మీకు ఆ పరిస్థితి లేదు. ఇలాగే కొనసాగితే సాధారణంగా 38, 39 వారాల దాకా ఆగుతారు.

ఒక్క మాట. నెలలు నిండేకొద్దీ బొడ్డుతాడు ఒక్కటే చూస్తే చాలదు. కొరత పడిన బిడ్డ ఉన్న రక్తాన్ని ముందు మెదడుకు మళ్లించుకుంటుంది. కాబట్టి వచ్చేసారి మెదడు ధమని డాప్లర్, ఉమ్మనీరు కూడా చూడమని అడగండి. తొలి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ రిపోర్టు తప్పక తీసుకెళ్లండి. వారాల లెక్క తప్పితే పర్సెంటైలూ తప్పుతుంది.

అత్తగారికి నా మాటగా చెప్పండి: గుడ్డు, పప్పు, పాలు మానకూడదు, నిజమే. కానీ మాయ పనితీరు తగ్గితే డబ్బాలకొద్దీ పొడులు కలిపి తాగించినా బిడ్డకు చేరవు. అందులో కోడలి తప్పేమీ లేదు. రోజంతా మంచం మీద పడుకోవాల్సిన అవసరమూ లేదు.

బిడ్డ కదలికలు ఎప్పటికన్నా తగ్గినట్టు తోచినా, తలనొప్పి, చూపు మసక, రక్తస్రావం ఏది కనిపించినా వచ్చే స్కానింగ్ తేదీ కోసం చూడకండి. అది అర్ధరాత్రయినా సరే, కాన్పుల ఆసుపత్రికి వెళ్లండి.