ప్రతి వారం ట్యాంకు మొత్తం కడిగినా నీళ్లు తెల్లగా మసకబారుతుంటే ఏం చేయాలి?

గుణుపురం నుంచి అడిగిన మిత్రుడికి నమస్కారం. మీరు రాసినది క్లుప్తంగా ఇదీ: రెండడుగుల ట్యాంకు, పది చిన్న గోల్డ్‌ఫిష్, ఒక సక్కర్ (అద్దానికి అతుక్కుని పాచి గీకే చేప). బోరు నీళ్లు. ప్రతి ఆదివారం చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, అద్దం, ఫిల్టర్ పీచు కుళాయి కింద పెట్టి మురికంతా పోయేదాకా కడుగుతున్నారు. సోమవారం అద్దంలా ఉన్న నీళ్లు బుధవారానికి పల్చటి మజ్జిగలా అయిపోతున్నాయి. షాపువాళ్లు నీలం మందు ఇచ్చారు, అదీ పని చేయలేదు.

నేను ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటాను. మా ఇంట్లో చాలా ఏళ్లుగా ట్యాంకు ఉంది. మా వీధిలోనూ, బరంపురంలో మా బంధువుల ఇళ్లలోనూ సరిగ్గా మీలాంటి ఇబ్బందే చూశాను. అందుకే నమ్మకంగా చెబుతున్నాను, నీళ్లు పాడవడానికి కారణం మీరు శుభ్రం చేయకపోవడం కాదు. ఆదివారం నాడు ఆ పీచును, రాళ్లను అంత బాగా కడగడమే.

ముందు అది మట్టి మసకా కాదా తేల్చుకోండి. ట్యాంకు నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి అడుగున మడ్డి దిగి పైన తేరుకుంటే అది ఇసుక, రాళ్ల దుమ్ము. వాటిని ట్యాంకులో వేసే ముందు సరిగా కడగలేదన్నమాట. వంశధార ఇసుక తెచ్చి వేసిన ఇళ్లలో ఇది మామూలే. అడుగున ఏమీ దిగకుండా గ్లాసు నీళ్లు అలాగే తెల్లగా ఉంటే అది బ్యాక్టీరియా. మీరు చెప్పిన వారం వారం తీరు చూస్తే మీది రెండోదే అనిపిస్తోంది.

ట్యాంకులో రెండు రకాల బ్యాక్టీరియా గురించి మనం తెలుసుకోవాలి. ఒకటి, మిగిలిపోయిన మేత, చేపల మలం తిని పెరిగేది. ఇది నీళ్లలో తేలుతూ గంటలోపే రెట్టింపు కాగలదు. మీకు కనిపించే తెలుపు ఇదే. రెండోది అమ్మోనియాను తినేది. చేపలు అమ్మోనియాను ఎక్కువగా మొప్పల నుంచే వదులుతాయి, అది కంటికి కనిపించదు. ఈ రెండో రకంలో కొన్ని బ్యాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషమే. నైట్రేట్ మాత్రం బాగా పేరుకుంటే తప్ప పెద్దగా హాని చేయదు. ఈ మేలు చేసే బ్యాక్టీరియా చాలా నిదానంగా పెరుగుతుంది. రెట్టింపు కావడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. కొత్త ట్యాంకులో అది పూర్తిగా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి.

ఇది నీళ్లలో తేలుతూ ఉండదు. ఫిల్టర్ పీచుకు, రాళ్లకు, అద్దానికి, ఆకులకు సన్నటి జిగురు పొరలా అంటుకుని ఉంటుంది. మీరు ఆదివారం తోమి వదిలించేది ఆ పొరనే. వారం తిరగకుండానే మళ్లీ తోమేస్తుంటే అది ఎప్పటికీ నిలదొక్కుకోదు. పొర లేని ట్యాంకులో మేత, మలం తినడానికి తేలే రకానికి పోటీ ఉండదు, రెండు రోజుల్లో విజృంభిస్తుంది. పేరుకేమో ట్యాంకు పెట్టి నెలలయ్యింది, లోపల మాత్రం ఎప్పుడూ మొదటి వారమే.

షాపువాళ్లు ఇచ్చిన నీలం మందు బహుశా మిథిలీన్ బ్లూ. చేపలకు, గుడ్లకు బూజు పట్టినప్పుడు అది మంచి మందే. తెల్ల మసకకు మాత్రం అది వైద్యం కాదు. పైగా మేలు చేసే బ్యాక్టీరియాను కూడా దెబ్బ తీస్తుంది. ఇక వేయకండి. చేపకు జబ్బు చేసినప్పుడు విడి బకెట్లో మాత్రమే వాడండి.

ఇప్పుడు చేయాల్సిన పని. నీళ్లు మార్చండి, కానీ పీచును, రాళ్లను కుళాయి కింద కడగకండి. నా జవాబులో మీరు ఈ ఒక్క మాట పట్టుకున్నా చాలు. ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు అనుకుంటే 54 లీటర్లు పడుతుంది. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నలభై అయిదు లీటర్లు వేసుకోండి. అందులో పది, పన్నెండు లీటర్లు తీసి అంతే పోయాలి, ఒక పెద్ద బకెట్ చాలు. చేపల్ని బయటికి తీయక్కర్లేదు. సైఫన్ పైపుతో అడుగున రాళ్ల మధ్య ఇరుక్కున్న మురికిని కొద్ది కొద్దిగా లాగండి. ఒకసారి ఈ సగం, వచ్చేసారి ఆ సగం. మామూలుగా ఇది వారానికి ఒకసారి సరిపోతుంది. మీకు పది గోల్డ్‌ఫిష్ ఉన్నాయి, పొర ఇంకా పుట్టలేదు కాబట్టి మొదటి నెల రోజులు రోజు విడిచి రోజు చేయండి. చుక్కలు వేసి చూసే అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కుంటే ఊహించే బాధ తప్పుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నా, మొప్పలు ఎర్రబడినా కిట్ వచ్చేదాకా ఆగకుండా వెంటనే నీళ్లు మార్చండి.

మొదటి వారంలో మసక తగ్గకపోతే టెన్షన్ పడి మళ్లీ అంతా కడిగేయకండి. కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో అది దానంతటదే పోతుంది. పోయే ముందు ఒక్కోసారి ఎక్కువవుతుంది కూడా. చాలామంది చేయి పెట్టేది సరిగ్గా అప్పుడే.

ఫిల్టర్ పీచు ఎప్పుడు కడగాలంటే, నీటి ధార నెమ్మదించినప్పుడు. మీరు ట్యాంకు నుంచి తీసిన ఆ పాత నీళ్ల బకెట్లోనే దాన్ని ముంచి, రెండు మూడుసార్లు మెల్లగా పిండి, తిరిగి పెట్టేయండి. గోధుమ రంగు మిగిలి ఉంటుంది, ఉండాలి కూడా. కుళాయి కింద వద్దు, సబ్బు అసలే వద్దు. పీచు చిరిగిపోయి మార్చాల్సి వస్తే కొత్తదాన్ని పాతదాని పక్కనే నెల రోజులు నడిపి, తర్వాత పాతది తీయండి. మీ ఊళ్లో ఎవరింట్లోనైనా ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకు ఉంటే వాళ్ల పీచులో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. ఆ ట్యాంకు నీళ్లలోనే తడిగా కవర్లో తెచ్చి, అదే రోజు మీ ఫిల్టర్లో పెడితే వారాల పని చాలా తగ్గుతుంది. ఎవరూ దొరక్కపోతే చెప్పండి, పర్లాకిమిడి వచ్చినప్పుడు నేనే ఇస్తాను.

బోరు నీళ్లలో క్లోరిన్ బాధ ఉండదు, కానీ తోడిన వెంటనే పోయకండి. ముందురోజు రాత్రి బకెట్లలో పట్టి ఉంచితే గ్యాసులు పోతాయి, చల్లదనం కూడా ట్యాంకుతో సమానమవుతుంది. కుళాయి నీళ్లు వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. వానాకాలంలో వీధి కుళాయిల్లో, బావుల్లో బ్లీచింగ్ వాసన గట్టిగా వస్తుంది. ఆ క్లోరిన్ చేప మొప్పలనూ కాలుస్తుంది, పీచులోని పొరనూ చంపుతుంది. ఒక రోజంతా మూత తీసి ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. మహేంద్రతనయ, వంశధార ఎర్రగా పారే రోజుల్లో కుళాయి నీళ్లలో బురద కూడా వస్తుంది. ఆ బురద బకెట్లోనే అడుగుకు దిగనిచ్చి పై నీళ్లు మాత్రమే పోయండి. మన పెద్దవాళ్లు తాగే నీళ్లకు చిల్లగింజ అరగదీసేవారు, పటిక తిప్పేవారు. అది చేపల ట్యాంకులో వద్దు. పటిక నీటి క్షారగుణాన్ని తగ్గించేస్తుంది, దాంతో పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) పడిపోయే ప్రమాదం ఉంది.

మేత దగ్గర మన ఇళ్లలో చేయి ఎప్పుడూ పెద్దదే. పిల్లలు ఒకసారి, తాతగారు ఒకసారి, ఇంటికొచ్చిన చుట్టాలు ఒకసారి. గోల్డ్‌ఫిష్ ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే అద్దం దగ్గరికి వస్తుంది, అది దాని స్వభావం. రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే, రోజుకు ఒకటి రెండుసార్లు, ఇంట్లో ఒక్కరే వేయాలి. వారంలో ఒక పూట మానేసినా ఏమీ కాదు. బోరు నీళ్లలో పీహెచ్ ఎక్కువగా ఉంటే అమ్మోనియా విషం ఎక్కువవుతుంది, ఎండాకాలం వేడికి ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మేత ఇంకాస్త తగ్గించడం మంచిది.

మీకు లేకపోయినా ఇది చదివేవాళ్ల కోసం: నీళ్లు ఆకుపచ్చగా అయితే అది పాచి. కిటికీ ఎండ పడకుండా ట్యాంకు జరిపి, లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలకు మించకుండా చూడండి. బాగా ముదిరితే మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పి చీకటి చేయండి, గాలి పంపు మాత్రం ఆపకూడదు. టీ రంగు వస్తే అది చెక్క మొద్దు నుంచి, బాదం ఆకుల నుంచి దిగే రంగు. హాని లేదు.

కరెంటు గురించి చెప్పకుండా ఉండలేను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో ఎన్ని ఊళ్లు చీకటిలో ఉండిపోయాయో మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో అప్పుడు మేత పూర్తిగా ఆపేశాం. మూత తీసి, పూటకు కొన్నిసార్లు చెంబుతో నీళ్లు తీసి పైనుంచి ధారగా పోసేవాళ్లం, నీళ్లలో గాలి కలవడానికి. పెట్టెలాంటి ఫిల్టర్ అయితే పీచును బయటికి తీసి ట్యాంకులోనే వేలాడదీయాలి. మూసిన పెట్టెలో ఆగిన నీళ్లలో ప్రాణవాయువు త్వరగా అయిపోయి పీచు కుళ్లుతుంది. కరెంటు వచ్చాక ఆ పెట్టెలో నిలిచిన నీళ్లు పారబోసి గానీ స్విచ్ వేయకూడదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మన ప్రాంతంలో అవసరమే.

చివరిగా చేపల సంఖ్య. 54 లీటర్లకు పది గోల్డ్‌ఫిష్ చాలా ఎక్కువ. ఇప్పుడు రెండంగుళాలు ఉన్నవి బాగా పెరిగితే జానెడు అవుతాయి, ఎంత మంచి ఫిల్టరూ ఆ మలాన్ని మోయలేదు. రెండు ఉంచుకుని మిగిలినవి పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. మనసు ఒప్పదని తెలుసు, కానీ ఆ ఎనిమిదింటికీ అదే మేలు. సక్కర్ ట్యాంకు శుభ్రం చేస్తుందని అమ్ముతారు. అది అద్దం మీది పాచి కాస్త గీకుతుంది, గోల్డ్‌ఫిష్‌కు ఏమాత్రం తగ్గకుండా మలం వేస్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. దాన్ని కూడా ఇచ్చేయండి, షాపువాళ్లు వెనక్కి తీసుకుంటే మరీ మంచిది. వంశధారలో గానీ, చెరువులో గానీ మాత్రం వదలకండి. ఆంధ్రాలో చెరువుల్లోకి, నదుల్లోకి చేరిన సక్కర్లు జాలర్ల వలలు చింపుతున్నాయి, ఒంటి మీద గట్టి ముళ్లుండే వాటిని దెయ్యం చేపలంటున్నారు.

నెల తర్వాత కూడా తెలుపు పోకపోతే ఫిల్టర్ ఏ రకమో, అమ్మోనియా ఎంత చూపించిందో రాయండి, చూద్దాం.