ఆప్షన్లు మూసి చదువు తల్లీ

అమ్మాయ్,

మీ మెడికల్ కాలేజీ పిల్లల ఇంటర్నల్ పరీక్షకి నువ్వు రాసి పంపిన 30 ఎంసీక్యూలు, అదే, ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునే ప్రశ్నలు, నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని చేశాను. ఆప్షన్లను పోస్టుకార్డుతో మూసి పైన ప్రశ్న ఒక్కటే చదువుతూ వెళితే, అలా జవాబు చెప్పగలిగినవి 11 తేలాయి. మిగతావి చాలావరకు "లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే జ్వరం) గురించి కింది వాటిలో సరైనది ఏది" రకం. అక్కడ ప్రశ్న లేదమ్మా, నాలుగు ఆప్షన్లలో నాలుగు వేరు వేరు ప్రశ్నలున్నాయి.

మనకి ఆ జబ్బు పేషెంట్లు కరువా చెప్పు? ఊడ్పులకి వెళ్లి వారం రోజులు బురదలో నిలబడ్డ మనిషి, జ్వరం, పిక్కలు ముట్టుకోనివ్వడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ పుసి లేదు, ఐదో రోజుకి పచ్చబడ్డాయి, యూరిన్ తగ్గింది. ఇంతవరకూ రాసి, ఎక్కువగా ఏ జబ్బు అయ్యుండొచ్చని అడుగు. ఆప్షన్లుగా మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ లాంటివి పెట్టు, ఎందుకంటే వార్డులో పిల్లలు నిజంగా తడబడేది వాటి దగ్గరే. ట్రీట్‌మెంట్ అడగాలనుకుంటే మాత్రం పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ రెండూ పక్కపక్కన పెట్టకు, రెండూ ఒప్పే, రేపు పిల్లలు పేపరు పట్టుకుని నీ రూముకొస్తారు. నాలుగో ఆప్షన్ మంచిది తట్టకపోతే మూడే పెట్టు, ఎవరూ టిక్కు పెట్టని ఆప్షన్ చదవడానికి టైమ్ తినడం తప్ప ఎందుకూ పనికిరాదు. ఇంకోటి, నీ పేపర్లో చాలాచోట్ల పొడుగ్గా ఉన్నదే కరెక్టు జవాబు. సబ్జెక్టు రాని పిల్లాడు కూడా అది పసిగడతాడు.

"కానిది ఏది" అనే ప్రశ్నలు ఆరున్నాయి, తీసెయ్. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి ప్రశ్నొకటి ఇచ్చాను. తర్వాత మార్కుల్లో పై 27 శాతం మందినీ, కింది 27 శాతం మందినీ విడదీసి చూస్తే, ఆ ప్రశ్నకి కింది వాళ్లే ఎక్కువమంది కరెక్టు జవాబు రాశారు. బాగా చదివిన పిల్లలు తొందరలో ఆ "కాని" చూసుకోలేదు. వాళ్ల మార్కులు పోయింది నావల్ల. అది ఇప్పటికీ బాధే నాకు.

ఇక టైమ్. 30 ప్రశ్నలకి 30 నిమిషాలు పెట్టావు. పీజీ మెడికల్ సీట్ల పరీక్ష నీట్ పీజీలో 200 ప్రశ్నలకి 210 నిమిషాలే కదా అంటావు, నిజమే, ప్రశ్నకి 63 సెకన్లు. కానీ వాళ్లు ఆ పరీక్షకి ఏడాది పైన ప్రాక్టీసు చేసి వెళతారు, నీ పిల్లలు ఇప్పుడిప్పుడే వార్డు మొహం చూస్తున్నారు. అమెరికా వాళ్ల డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో మొదటిది, స్టెప్ 1, చాలా ఏళ్లు 40 ప్రశ్నలకి గంట లెక్కన నడిచింది, అంటే ప్రశ్నకి 90 సెకన్లు. కేసు ఉన్న ప్రశ్నకి నువ్వూ అంతే ఇవ్వు. ఒక్క లైనులో అడిగేదానికి 40 సెకన్లు చాలు. ఈ లెక్క కూడా నమ్మెయ్యకు, పేపరు చూడని పీజీ స్టూడెంట్ ఒకరిని కూర్చోబెట్టి వాచీ పట్టుకో, ఎక్కడ ఆగి మళ్లీ మొదటినుంచి చదువుతున్నారో ఆ వాక్యం తిరగరాయి.

17వ ప్రశ్న మాత్రం ముట్టుకోకు. రాత్రి నేల మీద పడుకున్న పిల్లాడు, తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోతున్నాయి, ఒంటి మీద వాపు ఎక్కడా లేదు. పాము అన్న మాటే రాయకుండా కట్లపాము దాకా తీసుకెళ్లావు చూడు, అచ్చం క్యాజువాలిటీలో జరిగేది అదే. మిగతావి మార్చి ఆదివారం లోపు పంపు, పోస్టుకార్డు ఇక్కడే పెట్టుకుని కూర్చుంటాను.